రెండోసారి వచ్చే బండి

సర్కారు బడి వరండాలో ఒక చివర గోడకు చార్టు తగిలిస్తారు. అక్కణ్నుంచి టేపుతో ఆరు మీటర్లు కొలిచి, సుద్దముక్కతో గీత గీస్తారు. చార్టు మీద అక్షరాలుండవు. మూడు పళ్ల దువ్వెనలాంటి ఒకే గుర్తు పైకీ కిందికీ కుడికీ ఎడమకీ తిరిగి ఉంటుంది. పళ్లు ఎటు ఉన్నాయో పిల్లవాడు చేత్తో చూపిస్తే చాలు, చదువు రాకపోయినా ఫర్వాలేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు తమ వంతు వచ్చేసరికి చివరి వరస బట్టీ పట్టేస్తారు. అందుకని అనుభవమున్నవాళ్లు మధ్యమధ్యలో చార్టు మారుస్తుంటారు. కుడి కన్ను మూసుకోమంటే పిల్లవాడు గబగబా చూపించేస్తాడు. ఎడమ కన్ను మూసుకోమనగానే తల పక్కకు వాలుతుంది, అరచెయ్యి కాస్త జరుగుతుంది, మూసిన కన్నే వేళ్ల సందులోంచి మళ్లీ చూడడం మొదలుపెడుతుంది. దొంగాట ఆడాలని వాడికి లేదు. చూడగలిగిన కన్ను ఏదో ఒంటికి తెలుసు, అది తన పని తాను చేసుకుపోతోంది. రెండు కళ్లూ తెరిచి బోర్డు మీది లెక్క చక్కగా ఎక్కించుకునే ఆ పిల్లవాడికి ఒక కన్ను సరిగా కనిపించడం లేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడికీ తెలియదు.

పిల్లల కంటి పరీక్షలో మొదటి చిక్కు ఇదే. తమకు కనిపించడం లేదని పిల్లలు చెప్పరు. చత్వారం వచ్చిన పెద్దాయన పేపరు దూరంగా పట్టుకుని విసుక్కుంటాడు, నాలుగు రోజుల్లో అద్దాల షాపుకు పోతాడు. చిన్నప్పట్నుంచీ మసకగా చూస్తున్న పిల్ల మాత్రం లోకం అందరికీ అలాగే ఉంటుందనుకుంటుంది. కాబట్టి పిల్లలు ఆస్పత్రికి వస్తారని కూర్చుంటే లాభం లేదు, పరీక్షే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఈ మాట మీద ఎవరికీ పేచీ లేదు. ఎవరు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి, చూసొచ్చాక ఏం చేయాలి అన్న దగ్గరే అసలు సమస్య. ఈ ముప్ఫై ఏళ్లలో బడులకు వెళ్లడం మనకు బాగానే అలవాటైంది. అదే బడికి మళ్లీ వెళ్లడం అలవాటు కాలేదు.

ఎంతమంది పిల్లలకు ఈ ఇబ్బంది ఉందో చెప్పే గట్టి లెక్క ఒకటి తెలుగు నేల మీదే పుట్టింది. 2000–01 ప్రాంతంలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలు 4,074 మందిని పరిశోధకులు పరీక్షించారు. అదే కాలంలో, అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలోనూ మరో అధ్యయనం జరిగింది. రెండింటిలోనూ గీటురాయి 6/12. అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి పోల్చుకునే గుర్తును ఆరు మీటర్లకు వస్తే గానీ పోల్చుకోలేకపోవడం. మెరుగైన కంటితో కూడా చూపు అంతే, లేదా అంతకన్నా తక్కువ ఉన్న పిల్లలు, అద్దాల్లేకుండా చూస్తే, మహబూబ్‌నగర్‌లో 2.7 శాతం, ఢిల్లీలో 6.4 శాతం. పరీక్షకు వచ్చినప్పుడు అద్దాలు పెట్టుకుని ఉన్నవాళ్లకు వాటితోనే చూస్తే మహబూబ్‌నగర్‌లో 2.6, ఢిల్లీలో 4.9. సరైన అద్దాలు అమర్చి చూస్తే రెండుచోట్లా సుమారు 0.8.

ఈ మూడు జతల అంకెల దగ్గర కాసేపు ఆగాలి. 2.7కీ 2.6కీ తేడా ఒక్క దశాంశం. ఆ పల్లెల్లో పిల్లల ముఖాల మీద అద్దాలన్నవే దాదాపు లేవన్నమాట. ఢిల్లీలో ఇబ్బందిపడే పిల్లలు ఎక్కువ, కానీ అద్దాలు దొరికినవాళ్లూ ఎక్కువే. సరైన కళ్లజోడు పెట్టాక పల్లెకీ నగరానికీ తేడా లేకుండా పోయింది. మహబూబ్‌నగర్‌లో చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం మన ఇళ్లలో ‘సైటు’ అని పిలుచుకునే దృష్టి దోషమే. ఆపరేషన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు, ఒక కళ్లజోడు చాలు. మరో 12 శాతానికి కారణం సోమరి కన్ను. అది వేరే కథ. దానికి గడువు ఉంది.

ఈ గడువు గురించి చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. కన్ను బొమ్మను పంపితే చాలదు, దాన్ని చదవడం మెదడు నేర్చుకోవాలి. ఆ నేర్పు ఎక్కువగా ఏడెనిమిదేళ్ల లోపే జరుగుతుంది. ఒక కంటికి మాత్రమే ఎక్కువ పవరున్నా, మెల్ల ఉన్నా, మెదడు ఆ కంటి మాట వినడం మానేస్తుంది. సోమరి కన్ను అంటే ఇదే. పసితనంలో ఒక కన్ను మూసేస్తే మెదడులో దాని చోటును రెండో కన్ను ఆక్రమించుకుంటుందని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద ప్రయోగాలు చేసి చూపించారు. 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యం మాత్రం చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. సరైన అద్దాలు పెట్టి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తారు. 3 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో సమస్య ఓ మోస్తరుగా ఉన్నప్పుడు రోజుకు రెండు గంటల పట్టీ ఆరు గంటల పట్టీతో సమానంగా పనిచేస్తుందని 2003లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. పదేళ్లు దాటినవాళ్లలో కొందరికి మేలు జరిగినా, ముందు పట్టుకున్నంత ఫలితం రాదు. ‘మెల్లకన్ను అదృష్టం’ అనుకుంటూ కాలం గడిపే ఇళ్లలో పిల్ల పోగొట్టుకునేది ఈ గడువునే.

ప్రభుత్వాలు ఈ పనిని ఎప్పుడో తలకెత్తుకున్నాయి. పిల్లల గుడ్డితనం మీద తొలి పెద్ద యుద్ధానికి అస్త్రం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల నుంచే వచ్చింది. రేచీకటితో మొదలై నల్లగుడ్డు కరిగిపోయేదాకా వెళ్లే విటమిన్ ఏ లోపానికి, ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల మోతాదు నోట్లో పోసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో వచ్చింది. బడిపిల్లల కంటి పరీక్ష 1994లో అందులో చేరింది. టీచరుకు శిక్షణ ఇచ్చి చేతికో చార్టు ఇస్తారు. 6/9 వరస చదవలేని పిల్లలను ఆయన వేరుచేస్తారు, వాళ్లను పీహెచ్‌సీలోని కంటి సహాయకుడు చూస్తారు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు వచ్చాయి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు బండిలో బయల్దేరి అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. గుండె నుంచి గ్రహణం మొర్రి దాకా ముప్ఫై రకాల సమస్యలు వాళ్లే చూడాలి. చూపు అందులో ఒకటి. ఆ బండిలో కంటి పరీక్ష కోసమే చదువుకున్న మనిషికి మాత్రం సీటు లేదు. ఈ పథకంలో పెద్ద లోటు అదే.

ఆ తర్వాత వచ్చినవి తెలుగు రాష్ట్రాల భారీ కార్యక్రమాలు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. అది అన్ని వయసులవారికీ. 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండో విడత నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. అది పిల్లలతోనే ప్రారంభమైంది. సుమారు 70 లక్షల మంది బడిపిల్లలు లక్ష్యం. మహబూబ్‌నగర్, ఢిల్లీ శాతాలను ఈ 70 లక్షలకు వర్తింపజేస్తే, రెండు కళ్లతోనూ సరిగా కనిపించని పిల్లలు లక్షా ఎనభై వేల నుంచి మూడు లక్షల నలభై వేల దాకా తేలతారు. ఇది ఉజ్జాయింపే, కానీ పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. అక్టోబర్‌లో ఒక్క వారంలో తొలి పరీక్షలు జరిగాయి. టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కలిసి పూనుకుంటే ఏం చేయగలరో ఆ వారం చూపించింది. అయితే ఆ వారంలో జరిగింది జల్లెడ పట్టడం. పరీక్ష ఆ తర్వాతి మెట్టు.

జల్లెడకూ పరీక్షకూ తేడా తెలియకపోవడం వల్ల చాలా అనర్థాలు జరుగుతున్నాయి. ‘మావాడికి బడిలో కళ్లు చూశారు, బాగున్నాయన్నారు’ అని తల్లి నిశ్చింతగా ఉంటుంది. నిజానికి అక్కడ చూసింది దూరపు చూపు ఒక్కటే. దగ్గర చూడ్డానికి కండరాలను బిగించి నెట్టుకొచ్చే పిల్ల, అప్పుడప్పుడూ మాత్రమే కన్ను పక్కకు జారే పిల్లవాడు ఆ జల్లెడలోంచి అనాయాసంగా జారిపోతారు.

పరీక్ష ఎలా ఉంటుందో చూడాలంటే ఆ బడిలోనే ఒక గది తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టిన చోటికి వెళ్లాలి. ఆప్టోమెట్రిస్టు చేతిలో రెటినోస్కోపు ఉంటుంది, టార్చిలైటుకు తమ్ముడిలాంటి పరికరం. దాంట్లోంచి సన్నని వెలుగు గీత పిల్లవాడి కంట్లో పడితే, నల్లపాపలో నారింజ రంగు మెరుపు కనిపిస్తుంది. గీతను అటూ ఇటూ ఊపితే ఆ మెరుపు కూడా కదులుతుంది. గీతతోపాటే కదులుతోందా, ఎదురు తిరుగుతోందా అన్నదాన్నిబట్టి ప్లస్సో మైనస్సో అద్దం అడ్డుపెడతారు. ఒకటి తీసి ఇంకొకటి, ఇంకొకటి తీసి మరొకటి. చివరికి కదలిక ఆగి పాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. అక్కడే ఉంది పవర్ లెక్క. ఇందులో పిల్లవాడు నోరు తెరవక్కర్లేదు. మాటలు రాని పసివాళ్లకూ, మాట్లాడలేని పిల్లలకూ ఇలాగే చూస్తారు.

దీనికి ముందు వేయాల్సిన చుక్కలు కొన్ని ఉన్నాయి. పిల్లల కంటి కండరాలకు శక్తి ఎక్కువ. పరికరంలోకి చూడమనగానే అవి బిగుసుకుని, లేని మైనస్ పవర్ చూపిస్తాయి. కంప్యూటర్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. సైక్లోపెంటోలేట్ వంటి చుక్కలు వేసి ముప్పావుగంట ఆగితే కండరాలు సడలుతాయి, అసలు పవర్ బయటపడుతుంది. చుక్కలు వేశాక ఆ పూట పుస్తకం మసకగా కనిపిస్తుంది, ఎండ భరించలేరు. కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లవాణ్ని ఇంటికి తీసుకెళ్లే మనిషి కావాలి. ఒక్క పూటలో ఐదారు వందల మందిని చూసేశామని లెక్క చెప్పే శిబిరాల్లో దీనికి తీరిక ఎక్కడిది? పిల్లల శిబిరాన్ని ఎంతమందిని చూశారన్న అంకెతో కొలవడం మానేయాలి. ఎంతమందికి చుక్కలు వేసి చూశారని అడిగితే పని నాణ్యత వెంటనే తెలుస్తుంది.

సంచార సేవలు రెండు తీర్లు. బండి లోపలే పరీక్ష గది ఉండేది ఒకటి. బండి పొడవు చాలదు కాబట్టి అద్దం పెట్టి దూరాన్ని రెట్టింపు చేస్తారు, లేదా మూడు మీటర్ల చార్టు వాడతారు. రెండోది మన పల్లెలకు ఎక్కువ పనికొచ్చేది. జీపులోనో ఆటోలోనో రెండు పెట్టెలతో దిగి, బడి గదినే ఆస్పత్రిగా మార్చుకోవడం. మొదటిదానికి ఖర్చు ఎక్కువ, అది ఇరుకు సందుల్లోకి పోదు. ఏ తీరుదైనా, దానికి తిరిగి చేరుకునే ఒక గూడు ఉండాలి. ఈ విషయంలో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో కట్టుకున్న పిరమిడ్ పద్ధతి మంచి ఉదాహరణ. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఒక చిన్న ఆస్పత్రి, ఆపైన పెద్ద ఆస్పత్రులు. విజన్ సెంటర్‌లో ఉండేది డాక్టరు కాదు. ఇంటర్ చదివి ఏడాదిపాటు శిక్షణ పొందిన, చాలాసార్లు ఆ చుట్టుపక్కల ఊళ్లకే చెందిన విజన్ టెక్నీషియన్. అద్దం పగిలితే వెళ్లి అడగడానికి ఆమె అక్కడే ఉంటుంది. బండి వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఇప్పటిదాకా దొరకలేదు.

ఇక కళ్లజోడు. కార్యక్రమాలు గెలిచేదీ ఓడేదీ దీని దగ్గరే.

పుణె దగ్గరి పల్లెల్లో బడిపిల్లలకు ఉచితంగా అద్దాలిచ్చి, ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి చూశారు. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మళ్లీ దొరికిన 1,018 మందిలో అద్దాలు పెట్టుకుని ఉన్నవాళ్లు 300 మంది. పెట్టుకోని వాళ్లలో ఎక్కువమంది చెప్పిన మాట ‘ఇంట్లో ఉన్నాయి’ అని. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో ఇలాగే చూస్తే పెట్టుకున్నవాళ్లు 13 శాతమే. పరీక్ష జరిగింది, డబ్బు ఖర్చయింది, నివేదికలో ‘పంపిణీ’ అన్న గడి నిండింది, పిల్లవాడు మాత్రం మళ్లీ మసకలోనే కూర్చున్నాడు.

ఎందుకు పెట్టుకోరు? తెలుగు బడుల్లో అద్దాల పిల్లవాడి పేరు ఒక్క రోజులో మారిపోతుంది. ‘సోడాబుడ్డి’ అనో ‘నాలుక్కళ్లోడు’ అనో పిలుపు మొదలవుతుంది. ఉచితం కదా అని అందరికీ ఒకే నల్ల ఫ్రేము, ముఖానికి పెద్దదో చిన్నదో, ముక్కు మీంచి జారేది ఇస్తే ఆ పిలుపు ఇంకా బలపడుతుంది. ఆడపిల్లలైతే ఇంట్లోనే అడ్డుకుంటారు. ‘ఇప్పట్నుంచే అద్దాలేమిటి, రేపు పెళ్లిచూపుల్లో ఏమంటారు’ అని దాపెడతారు. అద్దాలు అలవాటైతే సైటు పెరుగుతుందన్న భయం అందరిలోనూ ఉంది. అది నిజం కాదు. కావాలని తక్కువ పవర్ అద్దాలిస్తే మైనస్ నెమ్మదిస్తుందేమోనని మలేషియాలో 94 మంది పిల్లల మీద పరీక్షించి చూశారు. 2002లో వచ్చిన ఫలితం తలకిందులైంది. తక్కువ పవర్ పెట్టుకున్న పిల్లలకే సైటు వేగంగా పెరిగింది.

ఆశ కలిగించే అనుభవమూ ఉంది. బెంగళూరు ప్రాంతంలో 11 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద జరిగిన పరీక్షలో, కొలతలు తీసి చేయించిన అద్దాలతోపాటు, ముందే తయారుగా ఉన్న అద్దాలను అక్కడికక్కడే ఇచ్చి పోల్చారు. రెండు కళ్ల పవర్ దాదాపు సమానంగా ఉండి, సిలిండర్ పవర్ తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రమే ఈ రెండో రకం పనికొస్తుంది. మూడు నాలుగు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లి చూస్తే రెండు వర్గాల్లోనూ నలుగురిలో ముగ్గురు పెట్టుకునే ఉన్నారు. అద్దాలు వెంటనే ఇవ్వగలిగితే ‘పదిహేను రోజుల్లో పంపిస్తాం’ అన్న మాటతోనూ, దారిలో తప్పిపోయే పార్సిళ్లతోనూ పని ఉండదు.

అద్దాలు చదువును మారుస్తాయా? చైనాలోని గాన్సు, షాన్సీ రాష్ట్రాల్లో ఉచిత అద్దాలిచ్చిన పిల్లలకు లెక్కల మార్కులు కొద్దిగానైనా స్పష్టంగా పెరిగాయని 2014లో తేలింది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో బడి వాకిట్లోకే బండి తెచ్చి, ఆప్టోమెట్రిస్టు చేత పరీక్ష చేయించి, ఉచితంగా అద్దాలు ఇచ్చే పథకం 2016లో మొదలైంది. 2,304 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తొలి ఏడాది చదవడంలో మెరుగుదల కనిపించింది, అందరికన్నా వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. రెండో ఏడాదికి ఆ మేలు నిలవలేదు. రెండో ఏట కూడా అద్దాలు పిల్లల ముఖాల మీద ఉన్నాయా లేదా అని చూసే మనిషే లేకపోతే ఏ పథకం ఫలితమైనా నిలవడం కష్టం. బడుల్లో కంటి పరీక్షల మీద అంతర్జాతీయంగా వచ్చిన ప్రయోగాలన్నిటినీ 2018లో సమీక్షించిన కాక్రేన్ బృందం కూడా, చీటీ రాసిచ్చి పంపడం కన్నా చేతికి ఉచితంగా అద్దాలిస్తేనే పిల్లలు ఎక్కువగా పెట్టుకుంటారని చెప్పింది.

చీటీ సంగతి వేరే చెప్పాలి. ‘పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి’ అని రాసిన కాగితం సంచిలో నలిగి, వానకు తడిసి, నాన్న చేతికి అందేలోపే ఎక్కడో పోతుంది. కెన్యాలోని ట్రాన్స్ న్జోయియా ప్రాంతంలో టీచర్లు ఫోన్ యాప్‌తో చూపు పరీక్షించి, ఇళ్లకు ఫోన్ సందేశాలు పంపి, ఎవరు వెళ్లారో ఎవరు వెళ్లలేదో బడికి తెలియజేస్తే 54 శాతం మంది ఆస్పత్రికి వెళ్లారు. మామూలు చీటీతో వెళ్లినవాళ్లు 22 శాతం. కూలికి వెళ్లే తల్లి ఒక రోజు కూలి మానుకుని బస్సెక్కాలంటే, ఎందుకు వెళ్లాలో మనిషి నోటితో చెప్పాలి.

బడి దాకా ఆగలేని పిల్లలు కూడా ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కంటి తెరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, తెర ఊడి, శాశ్వతంగా చూపు పోవచ్చు. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజుల లోపు కంటి తెరను చూడాల్సిందే. మరీ చిన్న బిడ్డలకైతే ఇంకా ముందే. అవసరమైతే లేజర్ వెంటనే చేయాలి. ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డను కంటి ఆస్పత్రికి తరలించలేరు, కంటి డాక్టరే అక్కడికి పోవాలి. హైదరాబాద్, సికింద్రాబాద్ నర్సరీలకు డాక్టర్ సుభద్ర జలాలీ బృందం 1990ల చివర్లోనే ఇలా వెళ్లడం మొదలుపెట్టింది. 2008లో బెంగళూరు నారాయణ నేత్రాలయకు చెందిన డాక్టర్ ఆనంద్ వినేకర్ బృందం మరో అడుగు వేసింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు ప్రత్యేక కెమెరాతో కారులో జిల్లా ఆస్పత్రుల నవజాత శిశు విభాగాలకు తిరుగుతారు, ఫొటోలు బెంగళూరులోని నిపుణులకు చేరతాయి, తల్లి అక్కడ ఉండగానే జవాబు వస్తుంది. ఈ బండి వారం వారం అదే వార్డుకు వస్తుంది, ఎందుకంటే ఒక్కసారి చూస్తే సరిపోదు. సంచార కంటి వైద్యంలో నికరంగా గెలిచిన పద్ధతి ఇదేనంటే అతిశయోక్తి కాదు.

ఆ వయసులోనే ఇంట్లోవాళ్లు పట్టుకోగలిగిన గుర్తు ఒకటుంది. ఫ్లాష్‌తో ఫొటో తీసినప్పుడు ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా మెరిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అది శుక్లం కావచ్చు, కంటిలో పెరిగే క్యాన్సర్ కావచ్చు.

మైనస్ పవర్ గురించి పట్టణ తల్లిదండ్రుల్లో కంగారు పెరిగింది, దానికి కారణమూ ఉంది. ఢిల్లీ బడుల్లో 9,884 మంది పిల్లల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో 13.1 శాతం మందికి హ్రస్వదృష్టి కనిపించింది. వారానికి 14 గంటలకు మించి ఆరుబయట ఉండే పిల్లల్లో అది తక్కువ. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పనిదినాల్లో రోజూ మరో 40 నిమిషాలు పిల్లల్ని బయటికి పంపితే, మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవాళ్లు 30.4 శాతమే, అలా పంపని బడుల్లో 39.5 శాతం. ఆటల పీరియడ్‌ను లెక్కల స్పెషల్ క్లాసుగా మార్చే కార్పొరేట్ బడులు ఈ అంకెను నోటీసు బోర్డు మీద పెట్టుకోవాలి.

పెరిగే వయసులో మైనస్ ఏటా మారుతుంది. ఆరో తరగతిలో ఇచ్చిన అద్దాలు ఎనిమిదిలో పనికిరావు, ముఖమూ పెరుగుతుంది, ఫ్రేమూ చాలదు. కాబట్టి బండి జూన్‌లో బడులు తెరిచాక ఒకసారి వస్తే, మళ్లీ ఎప్పుడు వస్తుందో ఆ రోజే హెడ్‌మాస్టర్ గదిలో క్యాలెండర్ మీద రాసి పోవాలి. అద్దాలు తీసుకున్న పిల్లల పేర్ల పట్టిక క్లాస్ టీచర్ దగ్గర ఉండాలి. రెండోసారి వచ్చినప్పుడు టెక్నీషియన్ కొత్త పిల్లలతో మొదలుపెట్టక్కర్లేదు. ఆ పట్టిక తీసి ‘పోయినేడు ఇచ్చిన అద్దాలేవమ్మా?’ అని అడగాలి. కొందరు ముఖం మీదివే సర్దుకుంటారు. ఒకడు కాలు విరిగి దారం కట్టినవి జేబులోంచి తీస్తాడు. మరో పిల్ల బీరువాలో గుడ్డలో చుట్టి అమ్మ దాచిపెట్టినవి తెస్తానని ఇంటికి పరిగెడుతుంది.